సున్నంతో చచ్చిన విలన్: స్టారో అరవై ఏళ్ల ప్రయాణం

అందరికీ నమస్కారం. బయట బోర్డు మీద ఒంటికన్ను స్టార్‌ఫిష్ బొమ్మ చూసి ఇదేదో పిల్లల కార్యక్రమం అనుకుని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. (నవ్వులు) ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ స్టార్‌ఫిష్ గురించే. పేరు స్టారో. వేరే గ్రహం నుంచి వచ్చి భూమిని జయించాలనుకున్న ఒక సముద్ర నక్షత్రం. డీసీ కామిక్స్‌లో పుట్టింది. జోకర్, లెక్స్ లూథర్ పేర్లు కామిక్స్ చదవనివాళ్లకీ తెలుసు. స్టారో పేరు చదివేవాళ్లలో కూడా చాలామందికి గుర్తుండేది కాదు, గుర్తున్నవాళ్లు నవ్వుకునేవాళ్లు. అలాంటిదాన్ని 2021లో భారీ ఖర్చుతో తీసిన హాలీవుడ్ సినిమాకి క్లైమాక్స్ విలన్‌గా పెట్టారు. అది ఎలా కుదిరింది, అందులో ఏం బాగుంది, నాకు ఎక్కడ మింగుడుపడలేదు, ఇవి మాట్లాడుకుందాం. 'ద సూసైడ్ స్క్వాడ్' ఇంకా చూడనివాళ్లు ఉంటే, ముగింపుతో సహా కథంతా చెప్పేస్తున్నానని ముందే హెచ్చరిక.

ముందు 1960కి వెళ్దాం. ఆ ఏడాది మొదట్లో డీసీ వాళ్ల 'ద బ్రేవ్ అండ్ ద బోల్డ్' పత్రిక 28వ సంచిక వచ్చింది. ధర పది సెంట్లు. ఆ రోజుల్లో ఆ పత్రికని ప్రయోగాలకి వాడేవాళ్లు. కొత్త ఆలోచన ఏదైనా ఉంటే మూడు సంచికలు వేసి చూడటం, అమ్ముడుపోతే దానికి సొంత పత్రిక పెట్టడం, లేకపోతే ఊరుకోవడం. 28లో పరీక్షకి పెట్టింది జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికాని. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, వండర్ వుమన్, ఆక్వామ్యాన్, మార్షియన్ మ్యాన్‌హంటర్, వీళ్లంతా ఒకే కథలో. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కూడా సభ్యులే గానీ ఈ కథలో వాళ్లు దాదాపు సెలవులో ఉన్నట్టే. ఒకాయన అంతరిక్షంలో ఉల్కల్ని ఆపే పనిలో, ఇంకొకాయన గోథమ్‌లో దొంగల వెంట.

ఇంతమంది హీరోల్ని ఒకచోట చేర్చాక ఎదురుగా ఎవర్ని నిలబెట్టాలి? పెద్ద పేరున్న విలన్‌ని తెచ్చి ఉండొచ్చు. ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్, రచయిత గార్డ్‌నర్ ఫాక్స్, బొమ్మలు వేసిన మైక్ సెకౌస్కీ కలిసి స్టార్‌ఫిష్‌ని తెచ్చారు. ష్వార్ట్జ్ మొదటినుంచీ సైన్స్ ఫిక్షన్ మనిషి. కామిక్స్‌లోకి రాకముందు రచయితల తరఫున కథలు అమ్మిపెట్టే ఏజెంటు, రే బ్రాడ్‌బరీ కథలు కూడా అమ్మిపెట్టాడు. ఫాక్స్ లా చదివినవాడు. దొరికిన ప్రతి సైన్సు ముక్కనీ కథలో ఇరికించే అలవాటు ఆయనకి. ఈ కథ మొత్తం ఆ అలవాటు మీదే నడుస్తుంది.

కథ ఇదీ. స్టారో అంతరిక్షం నుంచి వచ్చి సముద్రంలో దిగుతుంది. అక్కడ తన పోలికలున్న మామూలు స్టార్‌ఫిష్‌లు కనబడతాయి. వాటిలో మూడింటికి తన శక్తులిచ్చి, పెద్దవి చేసి, తలో పని మీద పంపుతుంది. ఈ కుట్ర సంగతి పీటర్ అనే పఫర్ చేప ఆక్వామ్యాన్‌కి చేరవేస్తుంది. అవును, వేగు పని చేసింది చేపే. (నవ్వులు) మొదటి స్టార్‌ఫిష్ అణుబాంబు మోసుకెళ్తున్న విమానం మీద పడుతుంది, ఆ బాంబు శక్తిని పీల్చుకోవడానికి. రెండోది శాస్త్రవేత్తలుండే ఊరి మీద పడుతుంది, వాళ్ల మెదళ్లలో ఉన్న జ్ఞానం కోసం. మూడోది హ్యాపీ హార్బర్ అనే చిన్న ఊరికి వెళ్లి జనాన్నంతా వశం చేసుకుంటుంది.

అణుబాంబు, శాస్త్రవేత్త, వశమైపోయిన చిన్న ఊరు. 1960 అమెరికా భయాలు ఈ మూడింట్లోనే దాదాపు అన్నీ వచ్చేశాయి. పక్కింటివాడు చూడ్డానికి పక్కింటివాడిలాగే ఉంటాడు, లోపల మాత్రం ఇంకెవరో కూర్చుని నడిపిస్తుంటారు అనే ఊహ అప్పటి సినిమాల్లోనూ నవలల్లోనూ మళ్లీ మళ్లీ వచ్చేది. కమ్యూనిస్టుల భయం ఒకవైపు, ఆ భయం పేరుతో జరిగే వేట భయం ఇంకోవైపు. ఫాక్స్ అదే సరుకు తీసుకుని పిల్లల పుస్తకంలో పెట్టాడు.

హ్యాపీ హార్బర్‌లో ఫ్లాష్‌కి ఒక వింత కనిపిస్తుంది. ఊరంతా బొమ్మల్లా కదులుతుంటే ఒక్క కుర్రాడు మాత్రం మామూలుగా ఉంటాడు. వాడు స్నాపర్ కార్, మాట మాటకీ చిటికెలు వేసే కుర్రాడు. వీడొక్కడికే ఎందుకు ఏమీ కాలేదు? చివరికి తేలేదేమిటంటే, వాడు ఇంటి ముందు గడ్డికి సున్నం చల్లాడు. ఒంటికంతా ఆ పొడి అంటుకుంది. స్టారోకి సున్నం పడదు. అంతే, హీరోలు సున్నం తెచ్చి స్టారో మీద కుమ్మరిస్తారు. కథ కంచికి.

విశ్వాన్ని జయించడానికి వచ్చినవాడు కిళ్లీ కొట్లో దొరికే వస్తువుతో పోయాడన్నమాట. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ ఇది ఫాక్స్ గాల్లోంచి తీసింది కాదు. అమెరికా ఈశాన్య తీరంలో ఆయిస్టర్లు పెంచేవాళ్లకి స్టార్‌ఫిష్ పెద్ద శత్రువు. అది గుల్లని చేతులతో పట్టి లాగి కొంచెం తెరుస్తుంది, తన కడుపుని బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి పంపుతుంది, అక్కడే జీర్ణం చేసుకుంటుంది. ఈ బాధ వదిలించుకోవడానికి ఆయిస్టర్ల మడుల మీద సున్నం చల్లేవాళ్లు. స్టార్‌ఫిష్ చర్మం ఆ సున్నానికి కాలిపోతుంది. అంటే స్టారోని చంపిన పద్ధతి రైతుల పద్ధతి. ఐదుగురు సూపర్‌హీరోల శక్తులు తేల్చలేనిది పంట కాపాడుకునేవాళ్ల చిట్కా తేల్చింది.

జీవశాస్త్రంలో దీనికన్నా నాకు నచ్చేది ఇంకొకటుంది. స్టార్‌ఫిష్‌కి మెదడు లేదు. నిజంగానే లేదు. నోటి చుట్టూ ఒక నాడీ వలయం, అక్కడి నుంచి ఒక్కో చేతిలోకి ఒక్కో నాడి. కన్ను కూడా మనం బొమ్మలో చూసినట్టు మధ్యలో ఉండదు. వెలుతురు, చీకటి, కొంచెం ఆకారం పసిగట్టే చిన్న మచ్చలు చేతుల చివర్లలో ఉంటాయి. నడిమధ్యన ఆ పెద్ద కన్ను బొమ్మలవాళ్ల కల్పన. అయితే మెదడు లేని ప్రాణి ఊళ్లకి ఊళ్ల మెదళ్లని నడిపించడం అనే ఊహ మాత్రం, తెలిసి చేశారో తెలియక చేశారో, అద్భుతం. స్టారోకి బుర్ర కావాలి. దానికి లేదు కాబట్టి మనది తీసుకుంటుంది. శాస్త్రవేత్తల ఊరి మీద పడటం కూడా ఇలా చూస్తే అతికినట్టు ఉంటుంది.

ఇంకో కోణం కూడా ఉంది. 1954 నుంచి అమెరికా కామిక్స్ మీద కామిక్స్ కోడ్ అనే కట్టుబాటు ఉండేది. పరిశ్రమే తన మీద పెట్టుకున్న సెన్సార్ అది. రక్తపాతం కుదరదు, పిశాచాలు కుదరవు, నడిచే శవాలు అసలే కుదరవు. కానీ పిల్లలకి భయం కావాలి. భయం లేకపోతే పది సెంట్లు ఎవరు పెడతారు? శవం కాని నడిచే శవం ఎలా అంటే, మనిషి బతికే ఉంటాడు, మనసు మాత్రం వేరేవాడి చేతిలో. విలన్‌ని చంపాలి, రక్తం కనబడకూడదు. స్టార్‌ఫిష్ మీద సున్నం పోస్తే ఏ సెన్సారూ అభ్యంతరం చెప్పదు. నా ఉద్దేశంలో స్టారో ఆకారం కొంతవరకు ఆ కోడ్ చెక్కిన ఆకారమే.

ఇక పుస్తకం అమ్మకాలు బ్రహ్మాండంగా సాగాయి. అదే ఏడాది చివరికల్లా జస్టిస్ లీగ్‌కి సొంత పత్రిక వచ్చేసింది. ఆ అమ్మకాల గురించి విని పోటీ కంపెనీ యజమాని మార్టిన్ గుడ్‌మన్ తన దగ్గర పనిచేసే స్టాన్ లీని పిలిచి, మనమూ ఒక గుంపు హీరోల పుస్తకం తెద్దాం అన్నాడని స్టాన్ లీ చెప్పేవాడు. గోల్ఫ్ ఆడుతుండగా గుడ్‌మన్‌కి ఆ సంగతి తెలిసిందనే పిట్టకథని పక్కన పెట్టేద్దాం, దాన్ని నమ్మనివాళ్లు చాలామంది ఉన్నారు. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ వచ్చిన మాట నిజం, మార్వెల్ కథ అక్కడ మొదలైన మాటా నిజం. ఇంత తతంగానికి ముందు వరసలో నిలబడ్డ విలన్ ఎవరయ్యా అంటే మన స్టార్‌ఫిష్.

దానికి మాత్రం పైసా దక్కలేదు. ఏళ్ల తరబడి ఎవరూ దాని ఊసెత్తలేదు. 1970ల్లో ఒకసారి ఆక్వామ్యాన్ కథలో కనిపించింది. 1981లో జస్టిస్ లీగ్ పత్రికలోకి తిరిగొచ్చినప్పుడు ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. చిన్న చిన్న స్టారోలు పుట్టుకొచ్చి మనుషుల మొహాలకి అతుక్కోవడం మొదలైంది. ఈరోజు స్టారో అనగానే మన కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే, మొహం ఉండాల్సిన చోట స్టార్‌ఫిష్, దాని మధ్యలో ఒక కన్ను. మొదటి కథలో ఇది లేదు. దూరం నుంచి వశం చేసుకోవడం వేరు, మొహాన్నే తీసేసుకోవడం వేరు. రెండోదానికి ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత కొందరు రచయితలకి దాని ఆకారం చూసి సిగ్గేసినట్టుంది. 2009లో మొదలైన 'రెబెల్స్' పత్రికలో స్టారో ద కాంకరర్ అంటే కండలు తిరిగిన ఒక మనిషి, ఛాతీ మీద స్టార్‌ఫిష్. గంభీరంగా ఉండాలని చేసినట్టున్నారు. నాకు మాత్రం మొహం చూసి గుర్తుపట్టలేని బంధువు పెళ్లికొచ్చినట్టు అనిపించింది. 2018లో రచయిత స్కాట్ స్నైడర్ దీనికి పూర్తిగా తలకిందులుగా వెళ్లాడు. చచ్చిపోయిన స్టారో ముక్క ఒకటి గాజు సీసాలో పెరుగుతుంది. దాని పేరు జారో. బ్యాట్‌మ్యాన్‌ని నాన్నా అని పిలుస్తుంది, బ్యాట్‌మ్యాన్ వెంట ఉండే కుర్ర హీరో రాబిన్ అవ్వాలని దాని కోరిక. ముక్క నుంచి మళ్లీ పెరగడం అసలు స్టార్‌ఫిష్‌లకీ ఉన్న లక్షణమే కాబట్టి జారోని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. (నవ్వులు)

ఇప్పుడు తెర సంగతి. కామిక్స్‌లో కాగితం మీద ఎంత వింత ఆకారమైనా చెల్లుతుంది. కోట్ల డాలర్లు పెట్టి కెమెరా ముందు నిలబెట్టాల్సి వచ్చేసరికి నిర్మాతలకి టెన్షన్ మొదలవుతుంది, జనం నవ్వుతారేమో అని. 2007లో ఫెంటాస్టిక్ ఫోర్ రెండో సినిమాలో గెలాక్టస్‌ని ఏం చేశారో గుర్తుందా? గ్రహాల్ని తినే మహాకాయుడు, నెత్తిన ఆ పెద్ద కిరీటంతో ఉండేవాడు, తెర మీద ఒక మేఘం అయిపోయాడు. అభిమానులు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 2009లో 'వాచ్‌మెన్' సినిమాలో, పుస్తకం చివర న్యూయార్క్ మీద పడే ఆ బ్రహ్మాండమైన స్క్విడ్‌ని తీసేసి వేరే ముగింపు పెట్టారు. పదేళ్ల తర్వాత టీవీ సిరీస్ వచ్చినప్పుడు ఆ స్క్విడ్‌ని తిరిగి కథలోకి తెచ్చుకున్నారు. మొదట సిగ్గుపడటం, తర్వాత అదే కావాలనుకోవడం. సముద్ర జీవులకి హాలీవుడ్‌లో ఇదొక శాపం.

యానిమేషన్ వాళ్లకి ఈ బెడద తక్కువ. 2000లో 'బ్యాట్‌మ్యాన్ బియాండ్'లో స్టారో వచ్చింది, రెండు భాగాల కథ. ముసలితనంలో ఉన్న సూపర్‌మ్యాన్ ఏళ్ల తరబడి దాని వశంలో ఉన్నాడు, అది ఆయన ఛాతీకి అతుక్కుని ఉంది, బట్టల కింద ఎవరికీ తెలియదు. ఆ మలుపు నాకు చాలా ఇష్టం. 'యంగ్ జస్టిస్' సిరీస్‌లో ఇంకొక అడుగు వేశారు. అక్కడ స్టారో విలనే కాదు, ముడిసరుకు. మంచులో గడ్డకట్టిన దాని శరీరం నుంచి ఒక ముక్క దొంగిలించి, దాంతో చేసిన పరికరాలతో జస్టిస్ లీగ్ మొత్తాన్ని వశం చేసుకుంటారు. స్టారోని మనుషులు వాడుకోవడం అనే ఆలోచన అక్కడ కనబడుతుంది. జేమ్స్ గన్ తీసిన 'ద సూసైడ్ స్క్వాడ్'కి గుండెకాయ కూడా అదే.

గన్ విషయానికి వచ్చేముందు ఒక యాదృచ్ఛికం చెప్పాలి. స్టారో వచ్చిన పత్రిక 'ద బ్రేవ్ అండ్ ద బోల్డ్' 28 అన్నాను కదా. అదే పత్రిక 25వ సంచికలో, 1959లో, మొదటిసారి వచ్చింది ఎవరో తెలుసా? సూసైడ్ స్క్వాడ్. రిక్ ఫ్లాగ్ నాయకుడు. 25, 26, 27 వాళ్లకి, 28, 29, 30 జస్టిస్ లీగ్‌కి. ఆ పరీక్షలో లీగ్ పాసైంది, స్క్వాడ్ తప్పింది. ఖైదీలతో నడిచే స్క్వాడ్, మనకిప్పుడు తెలిసినది, 1980ల్లో జాన్ ఆస్ట్రాండర్ కట్టింది. అంటే 2021 సినిమాలో తలపడిన రెండు పక్షాలూ ఒకే పత్రికలో మూడు సంచికల తేడాతో పుట్టాయి. అరవై ఏళ్ల తర్వాత గానీ ఒకే తెర మీద ఎదురుపడలేదు.

గన్ ఇంటర్వ్యూల్లో చెప్పిన దాని ప్రకారం, చిన్నప్పుడు స్టారో ఆయనకి నవ్వు తెప్పించే బొమ్మే గానీ భయం కూడా వేసేదట. ఆ రెండూ కలిసి ఉండటమే ఆయనకి నచ్చింది. ఆయన పాత సినిమాలు చూస్తే ఇది ఊరికే అన్న మాట కాదని తెలుస్తుంది. దర్శకుడిగా ఆయన తొలి సినిమా 2006లో వచ్చిన 'స్లిదర్'. అంతరిక్షం నుంచి వచ్చిన జీవి ఒక చిన్న ఊరి జనాన్ని జలగల లాంటి పురుగులతో ఆక్రమించుకుంటుంది. హ్యాపీ హార్బర్ గుర్తొస్తోంది కదా. 2022లో ఆయనే తీసిన 'పీస్‌మేకర్' సిరీస్‌లో కూడా సీతాకోకచిలుకల్లాంటి గ్రహాంతర జీవులు మనుషుల తలల్లో దూరి నడిపిస్తాయి. మధ్యలో స్టారో. మనిషి ఒక్కడే, భయం ఒక్కటే, పేర్లు మారాయి.

ఇక్కడే చిన్న విలన్‌తో ఉండే సుఖం తెలుస్తుంది. జోకర్ ఉమ్మడి ఆస్తి లాంటివాడు. వేలు పెడితే వారసులందరూ లేస్తారు, మా జోకర్ ఇలా ఉండడు అని. స్టారో పోరంబోకు. ఎవరి సంతకం అక్కర్లేదు. ఎవరి మనసూ నొప్పించకుండా దర్శకుడు తన సొంత ఇల్లు కట్టుకోవచ్చు.

గన్ ఏం ఉంచాడు, ఏం మార్చాడు? ఆకారం ఉంచేశాడు. గులాబీ, నీలం రంగుల్లో మేడ అంత ఎత్తున ఒంటికన్ను స్టార్‌ఫిష్ పట్టపగలు వీధుల్లో నడుస్తుంది. చీకట్లో దాచలేదు, మేఘం చేయలేదు. మొహాలకి అతుక్కునే చిన్న స్టారోలని 1981 నుంచి తీసుకున్నాడు. మార్చింది రాక. 1960 స్టారో జయించడానికి తనంతట తాను వస్తుంది. 2021 స్టారోని అమెరికా వ్యోమగాములు అంతరిక్షంలో పట్టి తెస్తారు. కోర్టో మాల్టీస్ అనే కల్పిత దీవిలో జోటున్‌హైమ్ అనే కోటలాంటి ల్యాబులో ముప్పై ఏళ్లు బంధించి ఉంచుతారు. థింకర్ అనే శాస్త్రవేత్త, అంటే పీటర్ కపాల్డీ, దాన్ని వాడి మనుషుల మీద ప్రయోగాలు చేస్తాడు. ప్రభుత్వానికి నచ్చని మనుషులు, వాళ్ల కుటుంబాలు. డబ్బు వెనక అమెరికా ప్రభుత్వం ఉంది. స్క్వాడ్‌ని పంపిన అమాండా వాలర్‌కి కావాల్సింది అందులో తమ ప్రభుత్వం చెయ్యి ఉన్న సంగతి బయటపడకుండా సాక్ష్యాలు చెరిపేయడం. ఆ సాక్ష్యాలు ప్రపంచానికి తెలియాలన్నందుకే రిక్ ఫ్లాగ్ తోటి సభ్యుడు పీస్‌మేకర్ చేతిలో చచ్చిపోతాడు.

ఫాక్స్ కథలో శాస్త్రవేత్త బాధితుడు, అణుబాంబు మోసే విమానం మనవైపు. గన్ కథలో శాస్త్రవేత్త హింసించేవాడు, విమానం పంపినవాడు తప్పు దాచుకునేవాడు. మధ్యలో వియత్నాం ఉంది, లాటిన్ అమెరికాలో కూల్చిన ప్రభుత్వాలున్నాయి, ఇరాక్ ఉంది. స్టార్‌ఫిష్ పెద్దగా మారలేదు. దాని చుట్టూ ఉన్న అమెరికా తన గురించి చెప్పుకునే కథ మారింది.

చంపే పద్ధతి కూడా చూడండి. స్టారో మీద తుపాకులు పనిచేయవు. స్క్వాడ్ సభ్యురాలు హార్లీ క్విన్ బల్లెంతో దాని కన్ను పొడిచి ఆ కంట్లోకి దూకుతుంది. ఆ కంతలోంచి ఊళ్లోని ఎలుకలన్నీ లోపలికి దూరి కొరికేస్తాయి. వాటిని పిలిచేది ర్యాట్‌క్యాచర్ 2 అనే అమ్మాయి. 1960లో సున్నం, 2021లో ఎలుకలు. సినిమాకి ఫాక్స్ సున్నం అక్కర్లేదు గానీ, వీధిలో పడి ఉన్న అతి చవక వస్తువే పెద్దవాడిని పడగొట్టాలన్న అతని లెక్కని మాత్రం గన్ బాగానే పట్టుకున్నాడు.

చచ్చిపోతూ స్టారో ఒక మాట అంటుంది, తన వశంలో ఉన్నవాళ్ల నోటితో. నేను హాయిగా ఉండేదాన్ని, తేలుతూ, నక్షత్రాల్ని చూస్తూ. అంతే. థియేటర్‌లో ఆ మాట విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. అరవై ఏళ్లలో దానికి ఎవరూ లోపలి మాట ఇవ్వలేదు. గన్ దానికి కన్నీటి ఫ్లాష్‌బ్యాకు ఇవ్వలేదు, ఎవరితోనూ స్నేహం కట్టించలేదు. ఒక్క వాక్యం ఇచ్చాడు. అందుకే పనిచేసింది. ఇప్పటి సినిమాల్లో ప్రతి విలన్‌కీ ఇరవై నిమిషాల బాల్యం చూపించే జబ్బు పట్టుకుంది. ఆ జబ్బుకి ఈ వాక్యం మంచి మందు.

ఇదే దర్శకుడు చిన్న విలన్‌తో వేరే పని కూడా చేశాడు. 2017లో 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ' రెండో భాగంలో టేజర్‌ఫేస్ అనేవాడు ఉన్నాడు. 1990లో జిమ్ వాలెంటినో రాసి బొమ్మలు వేసిన కామిక్ నుంచి వచ్చినవాడు. అక్కడ వాడు స్టార్క్ అనే జాతి యోధుడు. ఆ జాతికి ఎప్పుడో అంతరిక్షంలోకి పంపిన టోనీ స్టార్క్, అంటే ఐరన్ మ్యాన్, సామగ్రి దొరుకుతుంది, వాళ్లు స్టార్క్‌ని దేవుడిలా కొలుస్తారు. మంచి ఆలోచన. సినిమాలో అదంతా పోయింది. మిగిలింది పేరు. టేజర్‌ఫేస్ అని గంభీరంగా చెప్పుకుంటాడు, హీరోల గుంపులో ఉండే రాకెట్ అనే రకూన్ పడీ పడీ నవ్వుతాడు. చచ్చేముందు శత్రువుకి ఫోన్ చేసినట్టు సందేశం పంపి పేరు చెప్తే అక్కడా నవ్వుతారు. సినిమా వాడిని నవ్వించి వదిలేసింది. తప్పేమీ లేదు. కానీ స్టార్క్‌ని దేవుడిగా కొలిచే జాతిని ఒక్క జోకు కోసం వదులుకోవడం నాకు నష్టంగానే తోచింది.

ఇప్పుడు నా అభ్యంతరం. స్టారో మీద జాలి కలిగించారు, బాగుంది. కోర్టో మాల్టీస్ జనం సంగతేమిటి? ఆ దీవి పేరుకూ కామిక్స్‌లోనే మూలం ఉంది. బ్యాట్‌మ్యాన్ కథలు రాసిన ఫ్రాంక్ మిల్లర్ 1986లో వాడాడు, అది ఇటలీ కామిక్ కళాకారుడు హ్యూగో ప్రాట్ సృష్టించిన నావికుడి పేరు. సినిమాలో ఆ జనం కొంతమంది తిరుగుబాటుదారులుగా కనబడతారు, వాళ్ల నాయకురాలు సోల్ సోరియా మినహా గుర్తుండే మనిషి లేదు. మిగతావాళ్లు మొహాలకి స్టార్‌ఫిష్‌లతో వీధుల్లో గుంపులు. హీరోలు వాళ్ల మనుషుల్ని పొరపాటున చంపేయడం కూడా జోకుగా వెళ్లిపోతుంది. అమెరికా పాపాల్ని తిట్టే సినిమానే ఆ పాపాల బరువు మోసేవాళ్లకి మొహం ఇవ్వలేదు, అక్షరాలా ఇవ్వలేదు. స్టార్‌ఫిష్‌కి ఇచ్చిన ఒక్క వాక్యం ఆ దీవిలో ఒక ముసలావిడకి కూడా ఇచ్చి ఉంటే బాగుండేది.

సరే, నా ముచ్చట ఇంతవరకే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: సార్, ఇంత బాగుంది అంటున్నారు, సినిమా ఆడలేదు కదా?)

ఆడలేదు. ఖర్చు సుమారు 185 మిలియన్ డాలర్లు, ప్రపంచమంతా కలిపి వసూళ్లు 168 మిలియన్ల దగ్గర ఆగాయి. అది 2021 ఆగస్టు, కోవిడ్ కాలం. అమెరికాలో అదే రోజు హెచ్‌బీవో మాక్స్‌లో కూడా విడుదలైంది, ఇంట్లో కూర్చుని చూసినవాళ్లు థియేటర్‌కి ఎందుకు వెళ్తారు? అయినా ఆ సినిమా గన్‌కి చేటు చేయలేదు. 2022 చివర్లో పీటర్ సాఫ్రన్‌తో కలిపి ఆయన్నే డీసీ స్టూడియోస్‌కి అధిపతిని చేశారు.

(ఇంకో శ్రోత: 1960 కథ ఇప్పుడు చదివితే బోర్ కొడుతుందా అని వెనక నుంచి ఒక మేడమ్ అడుగుతున్నారు.)

బోరు కొట్టదండీ, కానీ నెమ్మదిగా చదవాలి. హీరోలు ఒక్కొక్కరు తాము చేస్తున్న పని బొమ్మలో కనిపిస్తున్నా సరే, నోటితోనూ చెబుతారు. అప్పటి పద్ధతి అది. స్నాపర్ చిటికెలు, ఆ కుర్రాళ్ల యాస మీకు విసుగు పుట్టించొచ్చు. శాస్త్రవేత్తల ఊరి అధ్యాయం మాత్రం వదలొద్దు. పీటర్ అనే ఆ పఫర్ చేప ఒక్క పేజీకే వచ్చినా, ఆక్వామ్యాన్‌తో దాని సంభాషణ దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను.

(మరో శ్రోత: జారోతో సినిమా వస్తే చూస్తారా?)

మొదటి రోజు మొదటి ఆటకి. టికెట్ మీరు తీయాలి. (నవ్వులు)